ఏడు కోట్ల జీవాలు, ఒక్క చలికాలం

మంగోలియాలో మనుషుల లెక్క పదేళ్లకోసారి తీస్తారు, జీవాల లెక్క మాత్రం ఏటా డిసెంబరులో తీస్తారు. గుర్రాలెన్ని, గొడ్లెన్ని, ఒంటెలెన్ని, గొర్రెలెన్ని, మేకలెన్ని అని ఒక్కో గుడారం వారీగా రాసుకుంటారు. ఆ దేశానికి ఈ లెక్క ఎంత ముఖ్యమో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఆ అంకెల్ని వరసగా పెట్టి చూడండి. 1990లో 2.59 కోట్లు. 1999కి 3.36 కోట్లు. మూడేళ్లు తిరిగేసరికి, అంటే 2002 చివరికి, 2.39 కోట్లకు పడిపోయాయి. అక్కణ్ణుంచి మళ్లీ లేచి 2009లో 4.4 కోట్లకు చేరాయి. ఆ చలికాలం ఒక్కటే కోటి దాకా జీవాల్ని తినేసింది. 2010 డిసెంబరులో మిగిలినవి 3.27 కోట్లు. 2019లో చరిత్రలో మొదటిసారి 7 కోట్లు దాటాయి. 2022లో 7.1 కోట్లు. 2024 చివరికి మళ్లీ 5.76 కోట్లు. అంత పెద్ద అంకెలు అలా లేస్తూ పడుతూ ఉంటే కళ్లు తిరుగుతాయి. ఇంతా చేసి ఆ దేశ జనాభా 35 లక్షలే. తలకు పదహారు, ఇరవై జీవాలన్నమాట.

ఈ పతనాలకు బయటి పత్రికలు రెండు కారణాలు చెబుతుంటాయి. వాతావరణం మారిపోతోందన్నది ఒకటి. కాపరులు కాష్మీర్ ఉన్ని డబ్బు కోసం మేకల్ని విపరీతంగా పెంచి గడ్డిభూమిని పాడుచేసుకుంటున్నారన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ రెండోదాన్ని చదివినప్పుడల్లా నాకు మనసులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. గడ్డి గురించి ఆ కాపరి కంటే ఎక్కువ తెలిసినవాళ్లు భూమ్మీద లేరు. ఏ వాలులో ఏ నెలలో ఏం మొలుస్తుందో, ఏ గడ్డి తింటే పాలు చిక్కబడతాయో అతనికి కొట్టినపిండి. అలాంటివాడు తన కాళ్ల కింది నేలను తానే ఎందుకు అరగదీసుకుంటాడు? అతనికి తెలియక కాదు. మంద పెంచుకోవడం తప్ప మరో దారి లేని చోట అతన్ని నిలబెట్టారు. అదెలాగో తెలియాలంటే ముందు ఆ మంద ఎలా బతుకుతుందో తెలియాలి.

ఐదు మూతులు

మంగోలియన్లు తమ పశుసంపదను "తవన్ ఖొషూ మల్" అంటారు. ఐదు మూతుల పశువులని అర్థం. గుర్రం, గొర్రె వెచ్చని మూతివి. ఆవు, ఒంటె, మేక చల్లని మూతివి. కొండప్రాంతాల్లో ఆవుకు తోడు జడలబర్రె కూడా ఉంటుంది. ఐదింటినీ కలిపి పెంచడం వెనక పెద్ద లెక్కే ఉంది. గుర్రం గిట్టలతో మంచును తవ్వి గడ్డి తింటుంది, దాని వెనకే వచ్చిన గొర్రెలు ఆ తవ్విన చోట మేస్తాయి. గొర్రె బద్ధకంగా నిలబడిపోయే చోట మేక ముందు నడిచి మందను లాక్కుపోతుంది. గోబీ ఎడారి అంచుల్లో మరేదీ ముట్టని ముళ్లపొదల్ని ఒంటె తింటుంది. ఒక రోగమో ఒక కరువో వస్తే ఐదూ ఒకేసారి పోవు.

అందుకే ఊరికే తలలు లెక్కపెడితే అసలు బరువు తెలియదు. అక్కడివాళ్లు అన్నింటినీ గొర్రెలోకి మార్చి లెక్కిస్తారు: ఒక గుర్రం ఏడు గొర్రెలతో సమానం, ఆవు ఆరు, ఒంటె ఐదు, మేక ఒక గొర్రెకు రవ్వంత తక్కువ. గడ్డి మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పేది ఈ లెక్కే.

దేశ వైశాల్యం భారతదేశంలో దాదాపు సగం. అందులో ఇంచుమించు మూడొంతులు గడ్డిభూమి. అయినా అది ఒకే చోట ఏడాదంతా మేపగల నేల కాదు. వానలు తక్కువ, గడ్డి పెరిగే కాలం మూడు నెలలకు మించదు. కాపరి కుటుంబం ఏడాదికి కనీసం నాలుగు మకాములు మారుస్తుంది. వేసవిలో నీళ్ల దగ్గర, విశాలమైన మైదానంలో. చలికాలంలో గాలి తగలని కొండ వాలున, ఎండ పడే దక్షిణ ముఖంగా. ఆ చలికాలపు మకాంలో దొడ్డి నేల మీద ఏళ్ల తరబడి పేరుకున్న పెంటికల పొర ఉంటుంది. దాన్ని ఊడ్చి పారెయ్యరు. గట్టిపడ్డ ఆ పొర కింద నుంచి చలి రానివ్వదు, మైనస్ 40 డిగ్రీల రాత్రి గొర్రెలు దాని మీద ముడుచుకుని పడుకుంటాయి. ఎండిన ఆవు పేడ పొయ్యిలోకి, గొర్రె పెంటిక పరుపులోకి. పాత మకాం అంటే అక్కడ ఆస్తి కిందే లెక్క. దాని విలువలో ఈ పెంటికల నేలకు పెద్ద వాటా ఉంది.

ఇక్కడ కీలకమైన సూత్రం ఒకటి ఉంది. చలికాలపు మకాం చుట్టూ ఉన్న గడ్డిని వేసవిలో ఎవరూ ముట్టకూడదు. అది నిలబడే ఎండి, మంచు కింద నిలవ ఉన్న మేతగా మారాలి. అంటే కదలిక అన్నది కాపరి సరదా కాదు, గడ్డివాము వేసే పద్ధతి. కదలిక ఆగిన రోజున వాము ఖాళీ అయినట్టే.

రెండో నిలవ పశువు ఒంట్లోనే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు తిని పెంచుకున్న కొవ్వు అక్టోబరు నుంచి మే దాకా కరుగుతూ వస్తుంది. వేసవి, శరత్తుల్లో మందను దూరపు పచ్చికలకు తోలుకెళ్లి కొవ్వు పట్టించడాన్ని "ఓతోర్" అంటారు. ఆపద వచ్చినప్పుడు మందను వేరే జిల్లాకు తప్పించడం కూడా ఓతోరే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

జుద్ అంటే మంచు తుపాను కాదు

మంగోలియా వార్తల్లో తరచూ వినిపించే మాట "జుద్". దాన్ని మంచు తుపాను అని అనువదిస్తే విషయం చేజారిపోతుంది. చలికి చచ్చే జీవాలు కొన్నే, ఎక్కువ భాగం ఆకలికి చస్తాయి. పశువుకు మేత అందకుండా పోయే చలికాలం ఏదైనా జుదే. అందులో రకాలున్నాయి, ఒక్కోదానికీ వేరే పేరు ఉంది. తెల్ల జుద్ అంటే గిట్టలతో తవ్వలేనంత లోతు మంచు. నల్ల జుద్ దీనికి తిరగమరగ, అసలు మంచే పడదు. చలికాలంలో పశువుకు మంచే నీళ్లు కాబట్టి దాహంతో పోతాయి. ఇనుప జుద్‌లో కాస్త వెచ్చబడి మంచు కరిగి, మర్నాటికి మళ్లీ గడ్డకట్టి గడ్డి మీద గాజుపలకలా పరుచుకుంటుంది. మూతి ఆనించినా కిందికి దిగదు, గిట్టకు దెబ్బ తగులుతుంది. గిట్టల జుద్ అని ఇంకోటి ఉంది. ఆపద నుంచి పారిపోయి వచ్చిన మందలన్నీ ఒకే చోట పోగై అక్కడి మేతను తొక్కి నాశనం చేయడం. ఈ చివరిది ఆకాశం నుంచి వచ్చేది కాదు, మనుషుల ఏర్పాటు విఫలమైతే వచ్చేది.

జుద్‌కు విత్తనం అంతకు ముందు వేసవిలోనే పడుతుంది. వానలు లేక గడ్డి సరిగా మొలవకపోతే పశువు బక్కగానే చలికాలంలోకి అడుగుపెడుతుంది. 2009లో అదే జరిగింది. 2023లో వేసవి కరువు తర్వాత నవంబరులోనే భారీ మంచు పడి, మధ్యలో కరిగి, మళ్లీ గట్టిపడింది. తెల్ల జుద్, ఇనుప జుద్ ఒకదాని మీద ఒకటి. 2024 మే నాటికి 70 లక్షలకు పైగా జీవాలు పోయాయి, దేశపు మందలో పదో వంతు కంటే ఎక్కువ. చావులు నడి చలికాలంలో కంటే మార్చి, ఏప్రిల్‌లలో ఎక్కువగా ఉంటాయి. ఒంట్లో కొవ్వంతా అయిపోయి, కొత్త గడ్డి ఇంకా రాక, పైగా గొర్రెలు, మేకలు ఈనే సమయం అది. సూడి గొర్రె ముందు కూలబడుతుంది. పిల్ల బతికినా తల్లికి పాలుండవు. సరిగ్గా మేత కొనాల్సిన ఆ రోజుల్లోనే ఇంట్లో డబ్బు కూడా అయిపోయి ఉంటుంది.

1940తో పోలిస్తే మంగోలియా సగటు ఉష్ణోగ్రత 2 డిగ్రీలకు పైగా పెరిగింది, ప్రపంచ సగటు కంటే ఇది బాగా ఎక్కువ. పదేళ్లకోసారి వస్తుందని పెద్దలు చెప్పుకునే జుద్ ఇప్పుడు రెండు మూడేళ్లకే తలుపు తడుతోంది. పోయిన మంద తిరిగి కోలుకోవడానికి గ్యాప్ లేకుండా పోయింది.

1990లలో ఏం తెగిపోయింది

వాతావరణం ఒక్కటే కారణమైతే మంద మూడు దశాబ్దాల్లో మూడింతలకు దగ్గరగా ఎందుకు పెరిగింది? దీనికి జవాబు చలిలో లేదు, చరిత్రలో ఉంది.

సోషలిస్టు పాలనలో, 1950ల చివరికల్లా, కాపరులందరినీ "నెగ్దెల్" అనే సమష్టి సంఘాల్లో చేర్చేశారు. పశువులు సంఘానివి, కాపరికి జీతం, సొంతానికి ఇంటికి కొన్ని పదుల జీవాలే. చేర్చిన తీరులో బలవంతం ఉంది, దాన్ని పొగడాల్సిన పని లేదు. కానీ నెగ్దెల్ కొన్ని పనులు చేసేది. మకాం మార్చేటప్పుడు లారీ పంపేది. బావులు తవ్వించి నడిపేది. పశువైద్యుణ్ణి పెట్టేది. ఎండుగడ్డి కోసి నిలవ చేసేది, ఆపద వస్తే ప్రభుత్వపు మేత నిధి నుంచి తెప్పించేది. ఏ మంద ఏ నెలలో ఎక్కడ ఉండాలో నిర్ణయించేది. ముసలివాళ్లకు పింఛను వచ్చేది. అంటే చలికాలపు ముప్పును ఒక్కో కుటుంబం కాక అందరూ కలిసి మోసేవాళ్లు.

1991, 92ల్లో పశువుల్ని ప్రైవేటు చేసి పంచేశారు. పశువులు ఇళ్లకు వచ్చాయి గానీ లారీ, బావి, వైద్యుడు, మేత నిధి రాలేదు. బావుల మోటార్లు మొరాయిస్తే బాగుచేయించేవాళ్లు లేక వేల బావులు పాడుపడ్డాయి. బావి లేని చోట పచ్చిక ఎంత ఉన్నా పశువు నిలవదు కాబట్టి మందలు నీళ్లున్న కొద్ది చోట్లకే చేరాయి. అదే సమయంలో పట్నాల్లో ఫ్యాక్టరీలు మూతపడి, ఉద్యోగాలు పోయినవాళ్లు పంపకంలో వచ్చిన నాలుగు జీవాలతో గడ్డిమైదానం చేరారు. ఆ దశాబ్దంలో కాపరి కుటుంబాలు రెట్టింపుకు మించి పెరిగాయి. వాళ్లలో చాలామందికి ఓతోర్ తెలియదు, జుద్ చూసిన అనుభవం లేదు. 1999 నుంచి 2002 దాకా వరసగా వచ్చిన మూడు చలికాలాల్లో మొదట తుడిచిపెట్టుకుపోయింది వాళ్ల మందలే. మంద పోయినవాళ్లు కొందరు చిన్నచిన్న గుంటలు తవ్వి బంగారం జల్లించే పనికి దిగారు. వీపున పచ్చ ప్లాస్టిక్ బేసిన్ కట్టుకుని తిరిగే వాళ్లను చూసి జనం "నింజాలు" అన్నారు. మిగిలినవాళ్లు రాజధాని ఉలాన్‌బాటర్ అంచున గుడారం వేసుకున్నారు.

మైదానంలో నిలబడ్డవాళ్లకు ఒక పాఠం అర్థమైంది. నష్టం ఎలాగూ వస్తుంది, దాన్ని భరించేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి మంద పెద్దదై ఉండాలి. ఒక ఇల్లు గడవడానికి 200 జీవాలు కావాలనుకుందాం. 250 ఉన్నవాడి మందలో సగం పోతే వాడు పట్నం దారి పట్టాల్సిందే. 800 ఉన్నవాడికి సగం పోయినా 400 మిగులుతాయి, మళ్లీ లేస్తాడు. బ్యాంకు పొదుపు ఖాతా, పంట బీమా, పిల్లల చదువు ఖర్చు, ముసలితనపు పింఛను, అన్నీ నాలుగు కాళ్ల మీద నడిచే చోట మందను తగ్గించుకోమని చెప్పడమంటే ఉన్న ఒక్క ఆధారాన్నీ వదులుకోమనడమే. వెయ్యి జీవాలున్నవాణ్ణి "మ్యాంగత్ మల్చిన్", అంటే వెయ్యి తలల కాపరి, అని ప్రభుత్వమే బిరుదిచ్చి గౌరవించే ఆచారం కూడా ఉంది. ఒక చేత్తో బిరుదు ఇస్తూ మరో చేత్తో మందలెక్కువయ్యాయని తిట్టడం న్యాయం కాదు.

మేక మీద నింద

1990లో దేశపు జీవాల్లో మేకలు ఐదో వంతు. 2010ల చివరికి ఐదింట రెండు వంతులు దాటాయి. కారణం కాష్మీర్ నూగు. మేక పైజుట్టు కింద, చలి నుంచి కాచుకోవడానికి మొలిచే మెత్తని నూగు అది. ఏప్రిల్, మే నెలల్లో అది వదులవుతుంది. మేకను పడుకోబెట్టి, కాళ్లు కట్టి, ఇనుప దువ్వెనతో దువ్వి తీస్తారు. ఒక మేకకు 250, 300 గ్రాములు. దాన్ని శుభ్రం చేసి గరుకు వెంట్రుకలు తీసేస్తే మిగిలేది అందులో సగమో అంతకు తక్కువో. దేశం మొత్తం మీద ఏటా ఇంచుమించు 10,000 టన్నుల ముడి నూగు వస్తుంది. చైనా తర్వాత ప్రపంచంలో రెండో స్థానం మంగోలియాదే.

కాపరి ఇంట్లోకి ఏడాదికోసారి గట్టిగా డబ్బొచ్చేది ఈ నూగుతోనే. అంగడి అప్పు, బ్యాంకు వాయిదా, పిల్లల బడి ఖర్చు అన్నీ ఆ నెల కోసం ఎదురుచూస్తాయి. అందుకే ఆ నెలలో వచ్చిన కొనుగోలుదారు చెప్పిందే ధర. నూగులో అత్యధిక భాగం ముడిసరుకుగానో, కడిగి మాత్రమేనో సరిహద్దు దాటి చైనాకు పోతుంది. 1981లో జపాన్ సాయంతో పెట్టిన "గోబీ" లాంటి మిల్లులు దేశంలో ఉన్నా అవి తీసుకునేది తక్కువ.

అసలు చిక్కు తూకంలో ఉంది. నూగు ఎంత సన్నగా ఉంటే బట్ట అంత విలువైనది. సన్న నూగు చిన్న వయసు మేకలకు వస్తుంది, వయసు పెరిగేకొద్దీ ముతకబడుతుంది. కానీ పల్లె కొనుగోలుదారు చాలావరకు సన్నానికీ ముతకకీ తేడా చూడకుండా కిలో లెక్కన కొంటాడు. అలా కొంటున్నప్పుడు ముసలి మేకను ఎందుకు తీసెయ్యాలి? పైగా ముసలి మేకకు నూగు బరువు ఎక్కువ. మేక గడ్డిని పాడుచేస్తుందని నిందించే ముందు, ఆ మేకను మందలో నిలిపి ఉంచుతున్న ఈ తూకాన్ని చూడాలి. నాణ్యతకు డబ్బు కట్టే మనిషి గడ్డిమైదానం దాకా వస్తే, మరో చట్టం అక్కర్లేకుండానే మందలో మేకల సంఖ్య దిగుతుందని నా నమ్మకం.

మాంసం సంగతీ ఇలాంటిదే. ఇన్ని జీవాలుండగా శరత్తులో కొవ్వు మీద ఉన్నప్పుడే అమ్మేయవచ్చు కదా అనిపిస్తుంది. 35 లక్షల మంది ఎంత తింటారు? పక్కనే చైనా లాంటి బ్రహ్మాండమైన మార్కెట్ ఉంది. కానీ గాలికుంటు వ్యాధి తరచూ బయటపడే దేశం నుంచి పచ్చి మాంసాన్ని ఎవరూ సులువుగా రానివ్వరు. చైనాకు గొర్రె మాంసం చాలావరకు ఉడికించే పంపాలి, ధర అక్కడే పడిపోతుంది. 2016లో గొర్రెలు, మేకల పారుడు రోగం, అంటే పీపీఆర్, దేశంలో అడుగుపెట్టింది. అది మందల నుంచి అడవి జంతువులకు పాకి, ఆ చలికాలంలో మంగోలియాలోని అరుదైన సైగా జింకల్లో సగానికి పైగా బలితీసుకుంది. నెగ్దెల్‌తో పోయిన పశువైద్యుడు తిరిగి రాలేదన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? టీకా సరిగ్గా పడితే మార్కెట్ తెరుచుకుంటుంది, మార్కెట్ ఉంటే చలికాలానికి ముందే మంద తేలికపడుతుంది. ఎగుమతి లెక్కల్లో కనిపించని ఈ ముడిని విప్పడం మొదట చేయాల్సిన పని.

ఎవరిదీ కాని నేలా, అందరిదీ అయిన నేలా

1992 రాజ్యాంగం రెండు మాటలు రాసింది. పశుసంపద జాతి సంపద, ప్రభుత్వ రక్షణలో ఉంటుంది. పచ్చికభూమిని ప్రైవేటు ఆస్తిగా ఇవ్వకూడదు. 2002 నాటి భూమి చట్టం చలికాలపు, వసంతకాలపు మకాముల వరకే కుటుంబాలకు హక్కు పత్రాలిచ్చే వీలు కల్పించింది.

అందరిదీ అయిన పచ్చికను అందరూ కలిసి పాడుచేస్తారని 1968లో గారెట్ హార్డిన్ ప్రతిపాదించిన వాదన ఆర్థికశాస్త్ర విద్యార్థులందరికీ పరిచయమే. ఆ ప్రకారం అయితే కంచెలు వేసి పంచేయడమే మందు. కానీ మధ్య ఆసియా గడ్డిమైదానమే దీనికి ఎదురు సాక్ష్యం. 1998లో డేవిడ్ స్నీత్ అనే మానవశాస్త్రవేత్త ఒకే రకమైన గడ్డినేల మూడు దేశాల్లో ఎలా ఉందో ఉపగ్రహ చిత్రాలతో పోల్చాడు. రష్యా వైపు, కాపరుల్ని స్థిరపరిచి పెద్ద ప్రభుత్వ క్షేత్రాలు నడిపిన చోట, ముప్పాతిక వంతు పచ్చిక పాడైపోయింది. చైనా వైపు, నేలను కుటుంబాలకు పంచి కంచెలు వేయించిన చోట, మూడో వంతుకు పైగా. కదలిక మిగిలి ఉన్న మంగోలియాలో పదో వంతు మాత్రమే. ప్రభుత్వ యాజమాన్యం, సొంత యాజమాన్యం రెండూ ఓడిపోయిన చోట తిరుగుడు గెలిచింది.

ఈ ఫలితాన్ని ఇప్పటి పరిస్థితికి సమర్థనగా వాడుకోకూడదు. అది పాత లెక్క. తర్వాత జరిగిన జాతీయ సర్వేల్లో మంగోలియా పచ్చికలో సగానికి పైగా ఎంతో కొంత దెబ్బతిన్నట్టు తేలింది. ఎక్కువ భాగం విశ్రాంతినిస్తే కోలుకునే స్థితిలోనే ఉందని కూడా ఆ సర్వేలే చెప్పాయి. నాకు ఇందులో కనిపించేది ఒకటే: నేల యాజమాన్యం 1992 నుంచి మారలేదు, కానీ తిరిగే దూరం తగ్గింది. లారీ ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. బావులు పోయాయి. పిల్లల బడి, ఆసుపత్రి, మార్కెట్ అన్నీ "సుమ్" అనే జిల్లా కేంద్రంలో ఉన్నాయి, అందుకని దాని చుట్టూనే మకాములు. మైళ్ల కొద్దీ గడ్డి తొక్కిడి లేకుండా పడి ఉంటుంది, ఊరి చుట్టూ నేల బోడిగా తయారవుతుంది.

ఓతోర్ సంగతి చూడండి. 2015 నుంచి వాతావరణ శాఖ ఏటా జుద్ ముప్పు పటం వేస్తోంది. ఏ జిల్లాకు ప్రమాదం ఎక్కువో చలి ముదరక ముందే తెలుస్తుంది. కాపరి కదలాలి. కానీ ఎక్కడికి? పక్క సుమ్ వాళ్లు ఒప్పుకోవాలి. ఇరు జిల్లాల అధికారుల మధ్య ఒప్పందం ఉంటే సరే, లేకపోతే వచ్చిన మంద అక్కడివాళ్ల చలికాలపు గడ్డిని తినేస్తుంది, గొడవలవుతాయి, గిట్టల జుద్ పుడుతుంది. కదలికకు అవసరమైంది కంచె కాదు, మాట. ఎవరు ఎప్పుడు ఎంతమందిని రానివ్వాలి, బదులుగా ఏం ఇవ్వాలి అన్న మాట. దాన్ని పెద్ద ఎత్తున కుదిర్చే వ్యవస్థ నెగ్దెల్‌తో పాటే పోయింది. ఇప్పుడు కొన్ని చోట్ల పచ్చిక వాడకందారుల సంఘాలు ఆ పని చిన్న పరిధిలో చేస్తున్నాయి. నాకు ఎక్కువ ఆశ కనిపించేది వాటిలోనే.

ప్రభుత్వం చేసిన ఇతర ప్రయత్నాల్లో రెండు చెప్పుకోదగినవి. 2006లో ప్రపంచ బ్యాంకు సాయంతో సూచీ ఆధారిత పశుబీమా మొదలైంది. ఇందులో మీ మందలో ఎన్ని పోయాయని ఎవరూ అడగరు. సుమ్ మొత్తంలో ఆ రకం జీవాల మరణాల శాతం ఒక గీత దాటితే బీమా కట్టినవాళ్లందరికీ పరిహారం వస్తుంది. కష్టపడి తన మందను కాపాడుకున్నవాడికీ వస్తుంది కాబట్టి బీమా ఉందని ఎవరూ పశువును నిర్లక్ష్యం చేయరు. మారుమూల దొడ్లకు వెళ్లి కళేబరాలు లెక్కపెట్టే ఖర్చూ తప్పుతుంది. తెలివైన పద్ధతి. దీని లోటు కూడా అక్కడే ఉంది: ఒక లోయలో అందరి మందలూ పోయి, మిగతా సుమ్ బాగుంటే సగటు గీత దాటదు, పోయినవాళ్లకు చేతికి ఏమీ రాదు.

రెండోది పన్ను. 2021 జూలై నుంచి ఒక్కో జీవానికి 2,000 తుగ్రిక్‌ల వరకు, అంటే ఒక డాలరుకు లోపే, పన్ను వేసే అధికారం స్థానిక ప్రజాసభలకు వచ్చింది. ఆ డబ్బును పచ్చిక బాగుకూ బావులకూ ఖర్చుపెట్టాలి. పశువు మీద పన్ను ఉండదన్న ఏళ్ల నాటి అలవాటును మార్చడం తేలిక కాదు, ఆ ధైర్యం మెచ్చుకోవాల్సిందే. కానీ అంత చిన్న మొత్తం మందను తగ్గించదు. తన సుమ్‌లో పాడుపడ్డ బావి ఈ డబ్బుతో బాగుపడటం కాపరి కళ్లారా చూస్తేనే అతను దాన్ని తన పన్ను అనుకుంటాడు.

మందను ఎవరు కాస్తారు

పచ్చిక నిలబడినా, ధరలు బాగుపడినా, ఈ ప్రశ్న మిగిలే ఉంటుంది. దేశంలో ఇప్పుడు కాపరులు దాదాపు 3 లక్షల మంది. ఎగుమతుల ఆదాయం అత్యధికంగా రాగి, బొగ్గు, బంగారాలది. పశుపోషణకు జాతీయాదాయంలో వచ్చేది పదో వంతుకు కాస్త అటూ ఇటూ. కానీ గనులు పని ఇచ్చేది కొందరికే. పనిలో ఉన్న జనంలో నాలుగో వంతు దాకా బతుకుతున్నది ఈ మందల మీద.

2008 నుంచి పిల్లలు ఆరో ఏటే బడిలో చేరాలి. బడి సుమ్ కేంద్రంలో ఉంటుంది, మకాం యాభై, వంద కిలోమీటర్ల అవతల. హాస్టల్ ఉంది గానీ ఆరేళ్ల బిడ్డను వదలడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? తల్లి పిల్లలతో ఊళ్లో ఉండిపోతుంది, తండ్రి ఒక్కడే మందతో మైదానంలో మిగులుతాడు. పాలు పిండడం, పెరుగు ఎండబెట్టి ఆరూల్ చేయడం, పుట్టిన పిల్లల్ని గుడారంలోకి తెచ్చి కాపాడటం ఆడవాళ్ల చేతిలో నడిచే పనులు. ఇల్లు రెండు ముక్కలైతే ఆ పనులు ఆగిపోతాయి, మంద కూడా సన్నగిల్లుతుంది. బడిలో చదువుకున్న పిల్లవాడు వేసవి సెలవుల్లో తప్ప మందను చూడడు. ఇనుప జుద్ వచ్చేముందు గాలి ఎలా మారుతుందో పుస్తకంలో ఉండదు, తండ్రి పక్కన నడిస్తేనే తెలుస్తుంది. చదువు మానిపించమని నేననడం లేదు. చదువు కోసం ఇల్లు విడిపోయే ఏర్పాటు తప్పంటున్నాను.

పట్నం పోయినవాళ్ల బతుకూ బాగుందని కాదు. ఉలాన్‌బాటర్‌లో దేశ జనాభాలో దాదాపు సగం ఉంటుంది. అందులో సగానికి పైగా నీటి గొట్టం, వేడి గొట్టం అందని గుడారాల వాడల్లో బొగ్గు కాల్చుకుని చలి కాచుకుంటారు, ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2017లో రాజధానికి కొత్త వలసల నమోదునే ఆపేశారు, మూడేళ్ల దాకా ఆ నిషేధం సాగింది. గుమ్మం మూస్తే వచ్చేవాళ్లు ఆగరు. మందను వదిలి రావాల్సిన అవసరం అక్కడ తగ్గాలి.

తగ్గించడం అసాధ్యమేమీ కాదని చూపించిన పని ఒకటి ఆ దేశంలోనే జరిగింది. తిరిగే గుడారాలకు కరెంటు తీగ లాగలేం కదా. ఒక లక్ష సౌర గుడారాల పథకం కింద విప్పి మడిచి తీసుకెళ్లగలిగే చిన్న సౌర పలకల్ని రాయితీ మీద ఇచ్చారు. 2012కల్లా లక్ష కుటుంబాల లక్ష్యం పూర్తయింది. మకాం కదిలినప్పుడల్లా కరెంటు కూడా కదిలింది. కాపరిని తీగ దగ్గరికి రమ్మనలేదు. వేసవిలో గుడారాల మధ్యే గుడారంలో నడిచే శిశు విద్యాలయాలు కూడా కొన్ని చోట్ల ఉన్నాయి, టీచరు మకాంతో పాటు మారుతుంది. మొదటి రెండు మూడు తరగతుల్ని కూడా అలా కదిలించగలిగితే, ఆరేళ్ల బిడ్డ తల్లి గొర్రెలు ఈనే ఏప్రిల్ నెలలో దొడ్డి దగ్గరే ఉండగలుగుతుంది.